34 ఏళ్లకే డోనర్ ఎగ్ అంటున్నారు, ఒప్పుకోవాలా?

కొర్లగుంట_కోడలు
తిరుపతిలోనే ఒక సెంటర్‌లో చూపించుకుంటున్నాం. నాకు 34, మా ఆయనకు 38. ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 0.6 వచ్చింది. నా అండాలతోనే ఐవీఎఫ్ చేశారు. వచ్చినవే తక్కువ, వాటిలో ఎంబ్రియో (పిండం) దాకా వెళ్లింది కూడా నిలవలేదు. రివ్యూకి వెళ్తే డాక్టరమ్మ ఫైలు మూసేసి "ఇక డోనర్ ఎగ్‌కి వెళ్దాం, మీ ఎగ్స్‌తో టైమ్ వేస్ట్" అన్నారు. బయట కౌన్సెలింగ్ చేసే అమ్మాయి ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టి, ఈ వారంలో అడ్వాన్స్ కడితే కొంత తగ్గిస్తామంది. నాకు అక్కడే కళ్లు తిరిగినంత పనైంది.

మా ఆయన "నీకు ఇష్టమైతే నాకూ ఇష్టమే" అంటాడు. మంచి మాటే, కానీ భారమంతా నా నెత్తిన పడింది. పుత్తూరులో మా చెల్లి ఉంది, 28 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. "నాది తీసుకో అక్కా, ముక్కూమొహం తెలియనివాళ్లది ఎందుకు" అంటోంది. అత్తమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆమె శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించింది, తిరుచానూరు అమ్మవారికి మొక్కుకుంది, ఎదురుచూస్తోంది.

నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. మా అమ్మ లేదు. ఆమె పోలిక నా దగ్గరే ఆగిపోతుందా అని ఏడుపొస్తుంది. పుట్టిన బిడ్డ ముఖంలో నన్ను నేను వెతుక్కుంటూ కూర్చుంటానేమోనని భయం. అసలు నాకు డోనర్ అవసరమేనా? చెల్లి దగ్గర తీసుకోవచ్చా? ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు? ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రేణిగుంట_జంక్షన్
పీరియడ్ రెండో రోజో మూడో రోజో స్కాన్ చేసి ఫాలికల్స్ (అండాలు పెరిగే చిన్న సంచులు) లెక్క చెప్పారా? ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాన్ని పనిచేయించే హార్మోను) ఎంత? మీ ఆయన రిపోర్టులు ఏమయ్యాయి? ఒక్క ఏఎంహెచ్ చెబితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

కొర్లగుంట_కోడలు
ఫాలికల్స్ రెండు వైపులా కలిపి 5 అని రాశారు. ఎఫ్‌ఎస్‌హెచ్ 11. ఆయనది ఒక్క మామూలు సెమెన్ టెస్టే, "పర్వాలేదు" అన్నారు.

మల్లెమొగ్గ
అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే కట్టకండి. వారంలో తేల్చుకునే విషయం కాదు ఇది. డిస్కౌంట్ పేరుతో ఇలాంటి నిర్ణయం చేయించడం ఎంత అన్యాయం!

ల్యాబ్_మనిషి
మాది చిత్తూరు దగ్గర, చెన్నైలో ఎంబ్రియాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను. మీ ఫైలు చూడలేదు కాబట్టి మీకు ఇది చేయండి అని చెప్పను. అందరికీ పనికొచ్చేది చెప్తాను.

ఏఎంహెచ్ చెప్పేది సంఖ్య. ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని అండాలు రావచ్చో దాన్నిబట్టి అంచనా వేస్తారు. అండం నాణ్యత ప్రధానంగా వయసును బట్టి ఉంటుంది. 34 ఏళ్లకి 0.6 ఉన్నామెకు అండాలు తక్కువ వస్తాయి, నిజం. కానీ వచ్చిన ఒక్కో అండం 34 ఏళ్ల అండమే. 42 ఏళ్లు వచ్చి ఏఎంహెచ్ 2 ఉన్నామెకు ఎక్కువ అండాలు వస్తాయి, అందులో క్రోమోజోములు సరిగా లేనివీ ఎక్కువే ఉంటాయి. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు.

డోనర్ తప్పదనే సందర్భాలు ఉన్నాయి. 40 లోపే పీరియడ్స్ ఆగిపోవడం, కీమోథెరపీ తర్వాత అండాశయాలు పనిచేయకపోవడం, టర్నర్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే క్రోమోజోమ్ లోపం), అండాశయాలు తీసేయాల్సి రావడం, తల్లి నుంచి బిడ్డకు వెళ్లే తీవ్రమైన జన్యు వ్యాధి. వయసు నలభైల్లో బాగా ముందుకు వెళ్లాక కూడా డాక్టర్లు ఇదే చెప్తారు, అది న్యాయమే. వేరే వేరే మందులతో మళ్లీ మళ్లీ చూసినా ఎంబ్రియోలు నిలవకపోతే అప్పుడూ ఆ మాట వస్తుంది. మీరు అంతదాకా వచ్చినట్టు నాకు అనిపించలేదు. మందుల పద్ధతి మార్చి చూడొచ్చా, అండాలు రెండు మూడు దఫాలుగా తీసి ఎంబ్రియోలు ఫ్రీజ్ చేసి ఉంచొచ్చా అని అడగండి. మీ ఆయనకు వీర్యకణాల డీఎన్ఏ ఫ్రాగ్మెంటేషన్ టెస్టు (డీఎన్ఏ ఎంత ముక్కలైందో చూసేది) అవసరమా అని కూడా అడగండి. ఎంబ్రియో నిలవలేదంటే ప్రతిసారీ తప్పు అండానిదే కాదు.

మామిడితోట
ల్యాబ్_మనిషి గారి మాటకు నాదీ ఓటు. మా ఆవిడకు ఏఎంహెచ్ ఇంతకన్నా తక్కువ. మాకూ డోనర్ అన్నారు. ఇంకో చోట చూపించుకుంటే సొంత అండంతోనే మా బాబు పుట్టాడు. తొందరపడకండి చెల్లెమ్మా.

స్వర్ణముఖి
మామిడితోట గారూ, మీకు అయింది, సంతోషం. కానీ మీ కథ విని ఇంకో పదిమంది ఐదారేళ్లు పోగొట్టుకుంటారు, అది కూడా చూడండి.

నాకు ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు. రెండు అండాశయాల్లో చాక్లెట్ సిస్టులు (పాత రక్తం నిండిన గడ్డలు), ఆపరేషన్లు అయ్యాయి, వాటితో ఉన్న కాసిని అండాలూ తగ్గిపోయాయి. ప్రతి చోటా "ఇంకొక్కసారి చూద్దాం" అనేవాళ్లు. ఆ ఇంకొక్కసారికి నగలు పోయాయి, చంద్రగిరిలో స్థలం పోయింది, నా ముప్పైలన్నీ పోయాయి. చివరికి ఒక పెద్ద డాక్టరు కూర్చోబెట్టి నిజం చెప్పారు. డోనర్ అండంతో మొదటిసారే నిలిచింది. పాప ఇప్పుడు ఒకటో తరగతి.

ముఖంలో వెతుక్కుంటానేమో అన్నావు కదమ్మా. నేనూ వెతుక్కున్నాను. బాలింతగా ఉన్నప్పుడు పాప నిద్రపోతుంటే చూస్తూ కూర్చునేదాన్ని, ఎవరి కళ్లు ఇవి అని. ఆ ఆలోచన ఎప్పుడు మానేశానో గుర్తు లేదు. మూడు నెలల పిల్లకు జ్వరమొస్తే రాత్రంతా భుజం మీద వేసుకుని తిరిగే మనిషికి ఆ ప్రశ్న గుర్తు రాదు. ఇప్పుడు అది నాలాగే చేతులు తిప్పుతూ మాట్లాడుతుంది, నాలాగే అన్నంలో పెరుగు ముందే కలిపేస్తుంది. మా అత్తగారు "ముక్కు అచ్చం మా వైపే" అంటారు. అందులో అబద్ధం లేదు, వాళ్ల కొడుకు పోలికే కదా!

ఒక్క సంగతి మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. డోనర్ అండంతో వచ్చిన గర్భంలో బీపీ పెరిగే ప్రమాదం మామూలు కన్నా ఎక్కువట. నాకు ఏడో నెల దాటాక కాళ్లు, ముఖం వాచి, బీపీ ఎక్కి, నెలలు నిండకముందే సిజేరియన్ చేశారు. పాపను ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) పెట్టారు. ఈ దారిలోకి వెళ్లేవాళ్లు మొదటి నెల నుంచీ బీపీ చూపించుకోండి. ఆస్పిరిన్ చిన్న డోసు అవసరమా అని డాక్టర్ని అడగండి. తలనొప్పి, కళ్లు మసకలు, పైపొట్టలో నొప్పి వస్తే ఉదయం దాకా ఆగకండి.

ల్యాబ్_మనిషి
స్వర్ణముఖి గారు చెప్పిన బీపీ విషయం నూటికి నూరుపాళ్లు నిజం. వాళ్ల పరిస్థితిలో డోనర్ సరైన నిర్ణయమే, అందులో నాకు వేరే అభిప్రాయం లేదు. డోనర్ అండంతో అవకాశాలు డోనర్ వయసును బట్టి ఉంటాయి, తీసుకునే ఆమె వయసును బట్టి అంతగా కాదు. అందుకే సొంత అండాలతో విసిగిపోయినవాళ్లకు ఒక్కసారిగా ఫలితం కనిపిస్తుంది.

ఇంకొకటి. ఎన్ని ఎంబ్రియోలు పెట్టాలన్న మాట వచ్చినప్పుడు కవలలు అయితే ఒకేసారి పని అయిపోతుందని ఆశపడకండి. కవలల గర్భంలో బీపీ, నెలలు నిండని కాన్పు రెండూ పెరుగుతాయి. డోనర్ అండంతో ల్యాబ్‌లో ఐదో రోజు దాకా బాగా పెరిగిన ఎంబ్రియో ఉంటే ఒక్కటి పెట్టమని అడగడమే క్షేమం.

పుత్తూరు_పిల్ల
మాకు చేసింది ఏంటంటే, డోనర్ అండాలకు మా ఆయన వీర్యకణాలు కలిపి ల్యాబ్‌లో ఎంబ్రియోలు చేశారు. ఈలోపు నాకు ఈస్ట్రోజెన్ మాత్రలు ఇచ్చి గర్భసంచి లైనింగ్ పెంచారు. 8 మిల్లీమీటర్లు దాటాక ప్రొజెస్టెరాన్ మొదలుపెట్టి, ఎంబ్రియోను గర్భసంచిలోకి ట్రాన్స్‌ఫర్ చేశారు. నాకు అండం తీయడం లాంటివి ఏమీ లేవు, నొప్పి లేదు. బీటా (గర్భం నిలిచిందా చూసే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చాక కూడా ఆ మాత్రలు, ఇంజెక్షన్లు మూడో నెల నిండే దాకా వాడాలి. మన అండాశయం ఆ హార్మోన్లు ఇవ్వదు కాబట్టి ఒక్క పూట కూడా మానకూడదని గట్టిగా చెప్పారు. ఊరెళ్లినా డబ్బా వెంట ఉండాల్సిందే.

ఎర్రచందనం
నా అనుభవం కూడా రాస్తాను. నాకు అసలు సమస్య లైనింగ్. చిన్నప్పుడు టీబీ వచ్చి గర్భసంచి లోపల దెబ్బతింది, ఎవరూ చూడలేదు. అండం మారిస్తే అవుతుందన్నారు, కాలేదు. తర్వాత హిస్టెరోస్కోపీ (గర్భసంచి లోపలికి చిన్న కెమెరా పెట్టి చూడటం) చేస్తే లోపల అతుకులు కనిపించాయి. డోనర్‌కి డబ్బు కట్టే ముందు గర్భసంచి సంగతి తేల్చుకోవాలి.

కొర్లగుంట_కోడలు
ఇన్ని తెలియవు నాకు. హిస్టెరోస్కోపీ నాకు చేయలేదు. స్వర్ణముఖి అక్కా, పెరుగు మాట చదివి ఏడ్చాను, చాలా రోజుల తర్వాత బాధతో కాకుండా. చెల్లి సంగతి ఎవరైనా చెప్పండి. అది రోజూ ఫోన్ చేస్తోంది.

కోర్టు_గుమాస్తా
చెల్లి దగ్గర తీసుకోవడానికి చట్టంలో దారి లేదు. 2021లో చేసిన ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి చికిత్సలకు సంబంధించినది) 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం డోనర్లను చూడటం, పరీక్షలు చేయించడం, అండాలు సేకరించడం, ఇవన్నీ రిజిస్టరైన ఏఆర్‌టీ బ్యాంకు ద్వారానే జరగాలి. డోనర్ ఎవరో మీకు తెలియదు, మీరెవరో ఆమెకు తెలియదు. వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు. ఒక డోనర్ అండాలు ఒక్క జంటకే ఇవ్వాలి. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు తప్పనిసరి. డోనర్ పేరు మీద 12 నెలల ఇన్సూరెన్స్ చేయించే ఖర్చు తీసుకునే దంపతులది.

పుట్టిన బిడ్డ అన్ని హక్కులతో మీ ఇద్దరి బిడ్డే, డోనర్‌కు ఏ హక్కూ ఉండదు. ఈ మాట చట్టంలోనే రాసి ఉంది కాబట్టి ఆస్తి దగ్గరా, రేషన్ కార్డు దగ్గరా, ఎవరూ వేలెత్తి చూపలేరు. మీరు సంతకం పెట్టినా, ఎంబ్రియో గర్భంలో పెట్టేలోపు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఈ ఒక్క సంగతి తెలిస్తే వారం గడువు భయం సగం పోతుంది.

ఇంకా చూసుకోవాల్సింది రిజిస్ట్రేషన్. లెవెల్ 1 క్లినిక్‌లో ఐయూఐ (వీర్యకణాలను నేరుగా గర్భసంచిలోకి పంపడం) వరకే చేయాలి. ఐవీఎఫ్‌కి లెవెల్ 2 ఉండాలి. బ్యాంకుకు వేరే రిజిస్ట్రేషన్. సర్టిఫికెట్ అందరికీ కనపడేలా పెట్టాలి. కనపడకపోతే అడగండి, అడగడం మన హక్కు.

పాకాల_పొద్దు
చట్టం వదిలేయండి, చెల్లి అయితేనే మంచిది కదా? రక్తం ఒకటే, మీ అమ్మ పోలిక కూడా వస్తుంది. బయటి మనిషి ఎవరో ఏమిటో.

నీరుగట్టు
పాకాల_పొద్దు గారూ, నేను ఒప్పుకోను. చట్టం రాకముందు మా బంధువుల్లోనే జరిగింది. పెద్దనాన్న కూతురు ఇచ్చింది, పాప పుట్టింది, కొన్నేళ్లు బాగానే ఉన్నారు. పొలం పంపకాల దగ్గర మాటామాటా పెరిగింది. ఆ పాప ఓణీల ఫంక్షన్‌లో, బంధువులందరి ముందూ, "అది నా కడుపున పుట్టాల్సిన పిల్ల, నా దయ వల్ల మీ ఇంట్లో తిరుగుతోంది" అనేసింది. పట్టుపరికిణీలో కూర్చున్న పిల్ల విన్నది. ఇవాళ్టికీ ఆ పిల్ల ఎవరింటికీ రాదు.

చెల్లి ప్రేమతోనే అంటోంది, అందులో అనుమానం లేదు. కానీ ఆమె భర్త ఉన్నాడు, అత్తమామలు ఉన్నారు, రేపు మీ పిల్లలూ ఆమె పిల్లలూ ఒకే పండక్కి కూర్చుంటారు. వద్దని చెప్పడమే ఆమెకూ మంచిది.

కొర్లగుంట_కోడలు
నీరుగట్టు గారూ, ఇది చదివాక చెల్లికి ఫోన్ చేసి మాట్లాడాను. ముందు నొచ్చుకుంది. తర్వాత "సరే, అయితే సీమంతం నేనే చేస్తా" అంది.

మల్లెమొగ్గ
ఆ చెల్లిని జాగ్రత్తగా చూసుకోండి!

మదనపల్లి_టమాటా
మన కులం డోనర్ కావాలని అడగొచ్చా? మా నాన్న అదే పట్టుపట్టి కూర్చున్నాడు. గోత్రం ఏమవుతుందని ఒకటే గొడవ.

స్వర్ణముఖి
మేం కులం అడగలేదు. ఎత్తు, రంగు, బ్లడ్ గ్రూపు, చదువు చెప్పారు, అంతే. గోత్రం తండ్రిది కదా, అది ఎక్కడికీ పోదు. మీ నాన్నగారికి ఆ మాట చెప్పండి. తలసీమియా (తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్త జబ్బు) టెస్టు చేశారా అని అడగండి, కులం కన్నా అది ముఖ్యం.

మదనపల్లి_టమాటా
ఇంకో భయం కూడా ఉంది. మా వైపు మేనరికాలు ఎక్కువ. ఆ డోనర్‌కి వేరే పిల్లలుంటే, రేపు తెలియకుండా వాళ్లతోనే సంబంధం కుదిరితే?

కోర్టు_గుమాస్తా
న్యాయమైన భయమే. ఒక డోనర్ ఒక్కసారే, ఒక్క జంటకే అన్న నియమం ఇలాంటివి జరగకుండా చాలావరకు కాపాడుతుంది. ఆమె సొంత పిల్లలు ఉంటారు, అది నిజం. దూరపు జిల్లా డోనర్ కావాలని బ్యాంకును అడిగి చూడండి.

అడ్మిన్_చెట్టునీడ
ఇక్కడ ఒకరు "డోనర్లు రెడీగా ఉన్నారు, ఫోటో చూసి ఎంచుకోవచ్చు" అని ఫోన్ నంబరుతో పోస్టు పెట్టారు. తీసేశాం, ఆ ఐడీని కూడా తొలగించాం. అండాలు అమ్మడం, కొనడం, మధ్యవర్తులతో బేరం చేయడం నేరం. మొదటిసారికే 5 నుంచి 10 లక్షల జరిమానా, మళ్లీ చేస్తే 3 నుంచి 8 ఏళ్ల జైలు. మెసేజ్‌లో ఎవరైనా మిమ్మల్ని పలకరిస్తే మాకు చెప్పండి.

తెల్లవారుజాము
ఆ పోస్టు తీసేయకముందు నేను చూశాను. అందుకే రాస్తున్నా. ఇక్కడ అందరూ తీసుకున్నవాళ్లే ఉన్నారు. నేను ఇచ్చినదాన్ని.

పలమనేరు వైపు మాది. ఈ చట్టం రాకముందు సంగతి. ఆయన లారీ యాక్సిడెంట్‌లో మంచం పట్టాడు, పిల్ల స్కూలు ఫీజు, అప్పు. మా వీధిలో ఒకామె "నెల నెలా పోయేదే కదా, ఇస్తే డబ్బులొస్తాయి" అని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లింది. రోజూ పొట్ట మీద ఇంజెక్షన్లు. తర్వాత మత్తు ఇచ్చి తీశారు. ఎన్ని తీశారో నాకు చెప్పలేదు. ఇంటికొచ్చాక పొట్ట ఉబ్బింది, ఊపిరి ఆడలేదు, వాంతులు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ ప్రభుత్వాసుపత్రిలో చేరితే, పొట్టలో నీరు చేరిందని, దాన్ని ఓహెచ్ఎస్ఎస్ అంటారని డాక్టరమ్మ చెప్పింది. ఆమె తిట్టలేదు. పక్కన కూర్చుని వివరంగా చెప్పింది. నాకు ఇచ్చిన డబ్బులో సగం ఆ మధ్యలో ఉన్నామె పట్టుకుంది.

మీ మీద నాకు కోపం లేదు. నా అండంతో ఎవరింట్లోనో బిడ్డ తిరుగుతుంటే బాగుండాలనే కోరుకుంటాను, చూడాలని లేదు. నాకు నా పిల్ల ఉంది. మీరు అడగాల్సింది ఒక్కటే. ఆమెకు ఇన్సూరెన్స్ చేశారా, ఏడు కన్నా ఎక్కువ తీయలేదు కదా, తర్వాత ఆమెకు ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు అని. మీరు డబ్బు కట్టేవాళ్లు, మీరు అడిగితే వాళ్లు సమాధానం చెప్తారు. మేం అడిగితే చెప్పరు.

స్వర్ణముఖి
అమ్మా, నా పాపకు అండం ఇచ్చినామె కూడా ఎక్కడో ఇలాగే ఉండి ఉంటుంది. నేను ఆ ప్రశ్నలు ఒక్కటీ అడగలేదు, ఎవరూ అడగాలని చెప్పలేదు. ప్రతి ఏడూ పాప పుట్టినరోజున కొండకెళ్లినప్పుడు ఆమె క్షేమంగా ఉండాలని మొక్కుకుంటాను.

ల్యాబ్_మనిషి
తెల్లవారుజాము గారు రాసింది ప్రతి జంటా చదవాలి. ఇప్పుడు ఓహెచ్ఎస్ఎస్ రాకుండా జాగ్రత్తలున్నాయి. ట్రిగ్గర్ ఇంజెక్షన్ (అండాలు తీసే ముందు ఇచ్చే చివరిది) మార్చి ఇస్తారు, డోసు తగ్గిస్తారు. ఏడు అండాల పరిమితి కూడా ఎక్కువ డోసులు ఇవ్వకుండా ఆపుతుంది. డోనర్‌కి ఇవన్నీ పాటించారా అని అడగడం మీ హద్దు దాటడం కాదు.

శేషాచలం
రిటైర్డ్ టీచర్‌ని. ఒక్క మాట చెప్తాను, కోప్పడకండి. భార్యాభర్తలిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. అత్తగారికీ వద్దు, బిడ్డకూ వద్దు. పల్లెల్లో ఈ మాట బయటికొస్తే పిల్ల పెళ్లి దాకా వెంటాడుతుంది. తెలియని సంగతి ఎవరినీ బాధపెట్టదు.

బెల్లం_కాఫీ
మాస్టారూ, మీ వయసుకు గౌరవమిస్తూనే గట్టిగా కాదంటాను. నేను పెంపుడు బిడ్డను. నాకు 23 ఏళ్లప్పుడు, పెళ్లిచూపుల సమయంలో, ఒక దూరపు బంధువు నోరు జారితే తెలిసింది. అమ్మానాన్న నన్ను కన్నవాళ్లు కాదన్నది అంత బాధ పెట్టలేదు. వీధిలో సగం మందికి తెలిసి నాకొక్కదానికే తెలియదన్నది బాధ పెట్టింది. అమ్మతో మళ్లీ మామూలుగా మాట్లాడటానికి చాలా కాలం పట్టింది.

మీరు చెప్పకపోయినా సైన్స్ క్లాసు చెప్పేస్తుంది. తల్లిది ఏబీ గ్రూపు, బిడ్డది ఓ అనుకోండి. అది కుదరదని పదో తరగతి పిల్లకు తెలుసు. ఇప్పుడు డీఎన్ఏ టెస్టులు ఇంటికే వస్తున్నాయి. పైగా రేపు బిడ్డకు ఏదైనా జబ్బు చేస్తే డాక్టరు "మీ అమ్మ వైపు ఎవరికైనా ఉందా" అని అడుగుతారు. తప్పు సమాధానం ఇవ్వాలా?

శేషాచలం
ఏబీ, ఓ సంగతి నాకు తట్టలేదు. అదైతే నిజమే. అయినా ఊళ్లో నోళ్ల గురించి నా భయం నాకుంది.

స్వర్ణముఖి
ఊరికీ బిడ్డకూ తేడా ఉంది. ఊరికి చెప్పక్కర్లేదు. మా పాపకు చిన్నప్పటి నుంచే చెప్తున్నాం, కథలాగా. "అమ్మ పొట్టలో నువ్వు రావడానికి చిన్న గుడ్డు కావాలి, అమ్మ దగ్గర లేకపోతే ఒక మంచి అత్త ఇచ్చింది" అని. ఒకరోజు "ఆ అత్తకు థాంక్స్ చెప్పావా" అని అడిగింది. అత్తగారికి మాత్రం నేను చెప్పలేదు, మా ఆయనే చెప్పాడు, పాప పుట్టాక. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పాపకు నలుగు పెట్టి స్నానం చేయించింది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

వేపపూత
ఇంత ఖర్చు, ఇంత బాధ ఎందుకు, దత్తత తీసుకోవచ్చు కదా అని నాకు అనిపిస్తుంది.

బెల్లం_కాఫీ
పెంపుడు బిడ్డగా చెప్తున్నా, ఆ మాట ఇలా మధ్యలో వేసేది కాదు. మోయాలని కోరుకునే ఆమెకు అది బదులు కాదు, దత్తతకు వచ్చే బిడ్డా ఎవరికీ రెండో ఎంపిక కాకూడదు. మనసుంటే కారా (దత్తత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకోండి. చాలా కాలం ఆగాల్సి ఉంటుంది. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసు కలిపి 85 దాటకూడదు. కొర్లగుంట చెల్లికి ఇంకా సమయముంది.

రేణిగుంట_జంక్షన్
మళ్లీ మొదటికొద్దాం. కొర్లగుంట_కోడలు గారూ, సెకండ్ ఒపీనియన్‌కి ఎక్కడికి వెళ్తున్నారు? వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో దీనికి వేరే విభాగముంది. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి రైళ్లున్నాయి.

కొర్లగుంట_కోడలు
అక్కడికే, అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఇక్కడి సెంటర్‌లో నా ఫైలు జిరాక్స్ అడిగితే ముందు ఇవ్వనన్నారు, మా ఆయన రిసెప్షన్ దగ్గర నిలబడి కదలకుండా ఉంటే ఇచ్చారు. అడ్వాన్స్ కట్టలేదు.

నిన్న రాత్రి ఇద్దరం మాట్లాడుకున్నాం. "నీకు ఇష్టమైతే నాకూ ఇష్టమే అనొద్దు, నీ ఇష్టం ఏంటో చెప్పు" అన్నాను. చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత "నీ అండంతో ఇంకోసారి ప్రయత్నించాలని ఉంది, నీ ఒళ్లు పాడవుతుందని భయంతో అడగలేదు" అన్నాడు. వీర్యకణాల డీఎన్ఏ టెస్టుకి తనే ఒప్పుకున్నాడు. డాక్టరు సరేనంటే ముందు నా అండాలతో చూస్తాం. కాకపోతే డోనర్‌కి వెళ్తాం, అప్పుడు బిడ్డకు చెప్తాం కూడా. తెల్లవారుజాము అక్క రాసిన ప్రశ్నలు కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకున్నాను.

తెల్లవారుజాము
మంచిదమ్మా.

ల్యాబ్_మనిషి
ఎంబ్రియో గ్రేడ్లు రాసిన ల్యాబ్ షీటు కూడా అందులో ఉందో లేదో చూసుకోండి. స్కాన్ రిపోర్టుల కన్నా అదే ముఖ్యం. ఏ ఇంజెక్షన్ ఎంత డోసు ఇచ్చారో ఉన్న కాగితం కూడా.

కొర్లగుంట_కోడలు
డోసుల కాగితం ఉంది, ల్యాబ్ షీటు లేదు. రేపు మళ్లీ వెళ్లి అడుగుతాం.

కాణిపాకం_కొబ్బరికాయ
మధ్యలో వస్తున్నా. మా అక్కకు 49 నడుస్తోంది. ఒక్కగానొక్క కొడుకు పోయాడు. డోనర్‌తో చేయించుకుంటానని ఏడుస్తోంది. గుంటూరులో 2019లో 74 ఏళ్ల పెద్దావిడకు కవలలు పుట్టారని టీవీలో చూపించారు కదా, మరి మా అక్కకు ఎందుకు చేయలేమంటున్నారు?

కోర్టు_గుమాస్తా
అది చట్టానికి ముందు. ఇప్పుడు ఆమెకు 50 లోపు, భర్తకు 55 లోపు ఉండాలి. మీ బావగారికి ఎంత?

కాణిపాకం_కొబ్బరికాయ
53.

స్వర్ణముఖి
వయసు హద్దు లోపలే ఉంది, అయినా ముందు గుండె, బీపీ, షుగర్ పరీక్షలన్నీ చేయించండి. ఈ వయసులో డోనర్ గర్భమంటే నాకు వచ్చిన బీపీ కన్నా ఎక్కువ ప్రమాదం. బిడ్డ పోయి ఎంతకాలమైంది? దుఃఖంలో ఉన్నప్పుడు ఆమెను ఒంటరిగా సెంటర్‌కి పంపకండి, మీరు వెంట వెళ్లండి. వివరాలతో వేరే పోస్టు పెట్టండి, అందరం అక్కడికి వస్తాం.